బొంతకి రెండు వైపులా

సెప్టెంబరు 4, 2013, బుధవారం

ఇకపై ఏమీ రాయవద్దని లాయరు మెక్‌నాబ్ గారు ఈ ఉదయం ఫోన్‌లో చెప్పింది. ఉత్తరాలు వద్దు, డైరీలు వద్దు, వంటల పుస్తకం అంచున కూడా తుంటి గురించి ఒక్క ముక్క వద్దు. రాసిన ప్రతి కాగితమూ అవతలివాళ్ళు అడిగితే ఇవ్వాల్సి వస్తుందట. పాత కాగితాలేవీ పారేయవద్దని కూడా చెప్పింది.

నాకు యాభై ఏళ్ళు. ఎప్పుడూ డైరీ రాయలేదు. వద్దన్న రోజే మొదలుపెట్టాను. ఎందుకంటే ఎవరితోనూ మాట్లాడవద్దని కూడా ఆమే చెప్పింది. నా స్నేహితురాలు లవీనాతో అసలే వద్దంది. మా ఆయన ఎనోస్‌తో చెప్పుకోవచ్చు గానీ, పాపం రోజంతా దాణా లారీ తోలి వచ్చిన మనిషి వింటూ వింటూనే కుర్చీలో కునికిపాట్లు పడతారు. ప్రభువుతో చెప్పుకుంటూనే ఉన్నాను. కానీ ఈమధ్య ప్రార్థనలో కూడా కొన్ని మాటలు దాటేసి వెళ్తున్నానని నాకే తెలుస్తోంది. కాగితం మీదైతే దాటేసిన చోటు కనబడుతుందేమో.

మెక్‌నాబ్ గారు చెప్పింది నాకర్థమైనట్టు రాసుకుంటాను. లేకపోతే తలలో నిలవదు.

2009 వసంతంలో నాకూ లవీనాకూ ఒకే సర్జన్, పది రోజుల తేడాతో తుంటి కీలు మార్చాడు. రెండూ ఒకే కంపెనీ చేసిన లోహపు కీళ్ళు. అవి లోపల అరిగి లోహం రక్తంలోకి దిగుతోందని తర్వాత తెలిసింది. లవీనాది తీసేసి వేరేది పెట్టారు. నాది తీయలేరు. గుండెలో కవాటం మార్చినప్పటి నుంచి నేను రక్తం పలచబడే మాత్రల మీద ఉన్నాను. మళ్ళీ కోస్తే బల్ల మీదే పోతానని ఇద్దరు డాక్టర్లు చెప్పారు. కాబట్టి అది నాతోనే ఉంటుంది.

ఈ మార్చిలో, ఆ కీలు పెట్టించుకున్న అందరి తరపునా నా పేరు మీద టొరంటోలో దావా వేశారు. ఏప్రిల్‌లో వేరే లాయర్లు అదే కంపెనీ మీద లవీనా పేరుతో ఇంకో దావా వేశారు. వేసే ముందు తను నాకు చెప్పలేదు. నేనూ తనకి చెప్పలేదు. ఒకే తప్పుకి ఒకే కంపెనీ మీద ఇలాంటి దావాలు రెండు నడవడానికి కోర్టు ఒప్పుకోదట. నవంబరులో జడ్జిగారు ఇరువైపులా విని, దావా నడిపే హక్కు ఒక పక్షం లాయర్లకే ఇస్తారు. రెండోది అక్కడితో ఆగిపోతుంది.

ఎవరికొస్తే ఏముందిలే అనుకునేదాన్ని. కానీ లవీనా లాయర్ల దావాలో కీలు తీయించుకున్నవాళ్ళే ఉన్నారు. ఇంకా ఒంట్లో మోస్తున్నవాళ్ళు లేరు. కంపెనీ అనేదీ అదే, తీయలేదంటే బాగున్నట్టే అని. వాళ్ళు గెలిస్తే నాకేమీ జరగనట్టే. నాలాంటివాళ్ళు ఆరు వందల మంది దాకా ఉన్నారట.

ఎనోస్ అంతా విని, "ఒకే ఆవు కింద రెండు చెంబులు పెట్టారు సలోమా. ఆవు తన్నేది మాత్రం మిమ్మల్నే," అన్నారు. తర్వాత కునుకు తీశారు.

సెప్టెంబరు 5

రక్తపరీక్ష కాగితం వచ్చింది. కీలు నుంచి రక్తంలోకి దిగే కోబాల్ట్ లోహం జూన్ కంటే పెరిగింది. రొట్టె పిండి సరిగా పొంగలేదు.

సెప్టెంబరు 11, బుధవారం

చర్చి నేలమాళిగలో కుట్టుపని. వచ్చే మే నెల సహాయ నిధి వేలానికి పెద్ద బొంత చట్రానికి ఎక్కించాం. నీలం, తెలుపు. మామూలుగా నేనూ లవీనా పక్కపక్కనే కూర్చుంటాం. ఈసారి తను కిటికీ వైపు కూర్చుంది, నేను మెట్ల వైపు. మధ్యలో తొమ్మిది అడుగుల గుడ్డ.

ఎనభై రెండేళ్ళ ఆల్మెడా పిన్ని చెవులు వినబడవన్న నెపంతో ఏమైనా అనేస్తుంది. "మీ ఇద్దరి తుంటి సంగతీ టొరంటోలో పెద్దపెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారంట గదే. నా తుంటి గురించి మా ఆయన కూడా ఏనాడూ మాట్లాడలేదు," అంది. అందరూ నవ్వారు. లవీనా కూడా నవ్వి, నా వైపు చూసి, చూపు సూది మీదికి దించేసింది.

ఇంటికొచ్చాక తెలిసింది, నా వైపు కుట్లు పెద్దవయ్యాయి. వచ్చే వారం విప్పాలి.

సెప్టెంబరు 15, ఆదివారం

బిషప్ అమ్సీ ఆరాధన అయ్యాక కాఫీకి వచ్చారు. మెత్తని మనిషి. మన సంఘంవాళ్ళు కోర్టుకెక్కరని ఆయన నాకు చెప్పనక్కర్లేదు. నేనే చెప్పాను, ఇది సహోదరుల మీద వేసింది కాదు, కంపెనీ మీద అని. ఆయన కప్పు కింద పెట్టి, "మరి లవీనా?" అన్నారు. అంతే. కాఫీ బాగుందని చెప్పి వెళ్ళారు.

సెప్టెంబరు 19

మెక్‌నాబ్ గారి ఆఫీసుకి వెళ్ళి అఫిడవిట్ మీద సంతకం పెట్టాను. మా సంఘంవాళ్ళం ప్రమాణం చెయ్యం కాబట్టి, నిజమని ధ్రువీకరిస్తున్నాను అని రాశారు. జడ్జి ఏమేం చూస్తారో ఆమె వివరంగా చెప్పింది. ఏ దావాలో ఎవరెవరున్నారు, లాయర్ల అనుభవం ఎంత, ఎవరు ఎక్కువ సిద్ధమయ్యారు, ముందు నిలబడ్డ మనిషి ఎలాంటిది. ముందు నిలబడ్డ మనిషి అంటే నేను. మా బలం ఒక్కటేనట, మోస్తున్నవాళ్ళని కూడా కలుపుకోవడం.

కీలు సంగతి మొదట ఎప్పుడు తెలిసిందని అడిగింది. తెలిసిన రెండేళ్ళ లోపు కోర్టుకి రావాలట, దాటితే చెల్లదు. నిరుడు జూన్‌లో డాక్టరు చెప్పాడన్నాను. అలాగే టైపు చేశారు.

అంతకుముందు సర్జన్ ఆఫీసు నుంచి ఏదో కాగితం వచ్చినట్టుంది. అలాంటివి చాలా వస్తాయి. సరిగ్గా చదివిన గుర్తు లేదు.

సెప్టెంబరు 20

జూన్ అన్నది అబద్ధం కాదు. డాక్టరు చెప్పింది జూన్‌లోనే.

సెప్టెంబరు 24

తెల్లదారం కోసం కుట్టుమిషను సొరుగు తీశాను. దారం పైనే దొరికింది. అడుగుదాకా వెళ్ళలేదు.

సెప్టెంబరు 29, ఆదివారం

వచ్చే ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. దానికి ముందు ఏటా వసంతంలోనూ అక్టోబరులోనూ చేసినట్టే ఒక్కొక్కరం లోపలి గదిలోకి వెళ్ళి, దేవునితోనూ మనుషులతోనూ సమాధానంగా, ఏ పొరపొచ్చమూ లేకుండా ఉన్నామని బిషప్ గారికి చెప్పాలి. అలా చెప్పలేనివాళ్ళు బల్లకి రాకూడదు. వరసలో నా ముందు లవీనా ఉంది. తను వెళ్ళి అర నిమిషంలో బయటికొచ్చింది. నేనూ వెళ్ళి అర నిమిషంలో బయటికొచ్చాను. సమాధానంగానే ఉన్నానని చెప్పాను.

ఇద్దరం చెప్పాం. కారు ఎక్కాక ఎనోస్ ఏదో అడిగారు, నాకు వినబడలేదు.

ఎవరి మీదైనా మనసులో ఏదైనా ఉంటే ముందు వాళ్ళ దగ్గరికే, ఒంటరిగా వెళ్ళాలి. చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది అదే. లాయరు వద్దందన్నది ఆ మాటలో ఎక్కడా లేదు.

అక్టోబరు 1, మంగళవారం

లవీనా ఇంటికి వెళ్ళాను. ఎండు ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన 'పై' ఒకటి పట్టుకెళ్ళాను.

వంటింట్లో నూడిల్స్ కోసి బల్ల మీద గుడ్డ పరిచి ఆరబెడుతోంది. మాట్లాడకూడదని లాయరు చెప్పిందన్నాను. "మా లాయరూ చెప్పాడు. కూర్చో. అందులో కాదే, ఆ ఎత్తు కుర్చీలో కూర్చో. ఇందులో కూర్చుంటే మళ్ళీ లేవలేవు," అంది. తన పాత కీలు ఉన్నప్పటి కుర్చీ అది. ఇంకా ఉంచింది.

ముందు మోస్తున్నవాళ్ళ సంగతి అడిగాను. నన్నెందుకు వదిలేశావని అడిగాను. తనకి నిజంగానే తెలియదు. లాయర్లు నలభై పేజీలు పంపి, సంతకం పెట్టాల్సిన చోటల్లా పసుపు చీటీ అంటించారట. చీటీ ఉన్నచోటల్లా పెట్టేసిందట. "నువ్వు అందులో లేవని నాకెలా తెలుస్తుందే? నీకూ నాకూ ఒకటే అనుకున్నా," అంది. కళ్ళు తుడుచుకుంటే బుగ్గకి పిండి అంటింది. టింగ్లీకి, అంటే వాళ్ళ లాయరుకి, చెప్తానంది.

అక్కడితో లేచి వచ్చేయాల్సింది. కానీ నేను వెళ్ళింది సగం మాట చెప్పడానికి కాదు.

"లవీనా, నాకు తెలిసింది నిరుడు జూన్‌లో కాదు. కీలు అరుగుతుందేమోనని సర్జన్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. 2010 నవంబరులో."

తను నూడిల్స్ సర్దుతూనే ఉంది.

"నాకూ వచ్చింది. అదే వారం," అంది.

"టింగ్లీకి చెప్పావా?"

"ఆయన అడగలేదు."

"నన్నూ అడగలేదు. మా లాయరు ఎప్పుడు తెలిసిందని అడిగింది గానీ, ఉత్తరం వచ్చిందా అని అడగలేదు."

తనది ఆ చలికాలమే పొయ్యిలో వేసేసిందట. ఆ సర్జన్ పోయాడు, ఆఫీసు మూతబడింది. ఉత్తరాలు ఎవరెవరికి వెళ్ళాయో చెప్పే జాబితా ఎక్కడా లేదట. నువ్వూ నేనూ తప్ప ఎవరికీ తెలియదు అంది. ఆ నవంబరు నుంచి నా దావా వేసిన మార్చికి రెండేళ్ళూ నాలుగు నెలలు. తన ఏప్రిల్‌కి ఐదు.

లేచేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుని లేపింది. నేను నా బరువు దించుకుందామని వెళ్ళాను. తన బరువు కూడా ఎత్తుకుని వచ్చాను.

అక్టోబరు 6, ఆదివారం

ప్రభువు బల్ల. తర్వాత ఒకరి పాదాలు ఒకరు కడగడం. ఆడవాళ్ళ గదిలో రెండు కుర్చీలు, రెండు తొట్లు, పొడవాటి తువ్వాళ్ళు. ఎవరూ ఎవరినీ ఎంచుకోకూడదు, వరసలో ఎవరొస్తే వాళ్ళే. ఈసారి లవీనా వచ్చింది. లేక వరసలో వెనక్కి జరిగి వచ్చిందో.

నేను మోకరించలేను. ఇది మూడో ఏడు. ఎదుటి కుర్చీలో కూర్చుని వంగగలిగినంత వంగి నీళ్ళు పోస్తాను, అందరికీ తెలుసు. లవీనా మాత్రం కొత్త కీలుతో చక్కగా మోకరించింది. నా పాదాలు రెండూ కడిగి తుడిచింది. వేళ్ళ సందులు కూడా తుడిచింది. తర్వాత లేచి, అందరిలాగే ముద్దు పెట్టుకుని, నీకు సమాధానం అంది. నేనూ అన్నాను.

నా చెవి దగ్గర తన ఊపిరి గబగబా తగిలింది. భయపడుతోంది.

అక్టోబరు 15

ఈరోజు అఫిడవిట్ మీద లవీనాని మెక్‌నాబ్ గారు ప్రశ్నించింది. ఎల్లుండి నన్ను టింగ్లీ ప్రశ్నిస్తాడు. సొరుగు అడుగుదాకా వెళ్ళాను. ఉత్తరం అక్కడే ఉంది.

అక్టోబరు 17, గురువారం

కోర్టు కాదు, కిచెనర్ పట్నంలో ఒక ఆఫీసు. పొడవాటి బల్ల, నీళ్ళ కూజా, అన్న ప్రతి మాటా టైపు చేసే ఒక అమ్మాయి. ప్రమాణం బదులు ధ్రువీకరణ అన్నాను. టింగ్లీ గారు మర్యాదస్థుడు. నా కుర్చీ సరిపోయిందా అని రెండుసార్లు అడిగాడు.

గంటసేపు మామూలు ప్రశ్నలే. ఈ దావా అంటే ఏమిటో తెలుసా, టొరంటోకి ఎన్నిసార్లైనా రాగలరా. అప్పుడు కాగితం తిప్పబోతూ, తలెత్తకుండానే అడిగాడు. "పోయినేడు జూన్‌కి ముందు, ఈ కీలు గురించి ఎవరైనా మీకు చెప్పారా? రాశారా?"

అందరినీ అడిగే ప్రశ్నే. లేదంటారని తెలిసి అడిగేది. కాగితం అప్పటికే సగం తిరిగింది.

"రాశారు. 2010 నవంబరులో సర్జన్ గారి ఉత్తరం వచ్చింది," అన్నాను.

కాగితం ఆగింది. మెక్‌నాబ్ గారి కలం కూడా ఆగింది.

"మీరు దాన్ని చదివారా?"

"మూడుసార్లు."

మరి ఏం చేశారని అడిగాడు. సొరుగులో పెట్టానన్నాను. ఎందుకన్నాడు. అప్పుడు నొప్పి లేదనీ, మోకరించగలిగేదాన్ననీ చెప్పాను. మోకరించగలిగినంత కాలం ఆ ఉత్తరం నాది కాదనుకున్నానని చెప్పాను. ఆ అమ్మాయి అది కూడా టైపు చేసింది.

తర్వాత జరిగింది సరిగ్గా రాయాలి. టింగ్లీ గారు నోరు తెరిచాడు. ఇంకో ప్రశ్న ఉంది. ఆ సర్జన్ తన పేషెంట్లందరికీ రాశాడా అని. అది ఆయన ముఖంలో నాకు స్పష్టంగా కనబడింది. ఆయన తన ముందున్న లవీనా ఫైలు వైపు చూశాడు. దాన్ని మూసేశాడు. ఇంక ప్రశ్నలు లేవన్నాడు.

బయట వసారాలో మెక్‌నాబ్ గారు కలం సంచిలో పెట్టుకుంది. తర్వాత చెప్పింది, మొన్న లవీనాని సరిగ్గా అదే ప్రశ్న అడిగాననీ, ఎవరూ ఏమీ రాయలేదని లవీనా అందనీ. నా ముఖంలోకి చూసి అడిగింది. "సలోమా గారూ, ఒకే సర్జన్. ఒకే వసంతం. ఆవిడకీ వచ్చిందా?"

ఆ మాటకి నా దగ్గర జవాబుంది. వచ్చిందంటే మా దావా బతుకుతుందేమో. లవీనా పోతుంది.

"లవీనా సంగతి లవీనానే అడగాలండీ," అన్నాను.

"అడిగాను కదా," అంది ఆవిడ.

అక్టోబరు 18

నిజమే చెప్పాను. మరి ఎందుకింత బరువు?

అక్టోబరు 23, బుధవారం

కుట్టిన మేర చట్రానికి చుట్టాం, రెండు వైపుల నుంచీ. లవీనా ఇప్పుడు ఐదడుగుల దూరంలో ఉంది. సూదిలో దారం ఎక్కిస్తూ, ఎవరికీ వినబడకుండా, "నేను లేదన్నాను. నువ్వూ లేదంటావనుకున్నా," అంది. నేను సూది గుడ్డలోకి దించాను. ఆల్మెడా పిన్ని మాత్రం, "గట్టిగా మాట్లాడండే, చెవిటిదాన్ని," అంది.

నవంబరు 21, గురువారం

టొరంటోలో విచారణ. ఎనోస్ సెలవు పెట్టి తీసుకెళ్ళారు. నేను కుడివైపు వరసలో, లవీనా ఎడమవైపు. తలల మీద మా చర్చి ఆడవాళ్ళ తెల్లటి ముసుగులు మా ఇద్దరివే. మాటిమాటికీ జడ్జిగారి చూపు రెండు వైపులకీ పోయింది. చూడడానికి ఒకే మనిషి రెండుసార్లు వచ్చినట్టుండి ఉంటుంది.

టింగ్లీ గారు మొదట లేచి, దావాని సవరించామన్నాడు. కీలు తీయించుకున్నవాళ్ళతో పాటు ఇంకా మోస్తున్నవాళ్ళనీ కలిపారట. లవీనా మాట నిలబెట్టుకుంది. మెక్‌నాబ్ గారు నా పక్కన గొంతు తగ్గించి, మనకున్న ఒక్క బలమూ పట్టుకుపోయారు అంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది, సంతోషంతో. అది ఆమెకి చెప్పే వీలు లేదు. ఎందుకు సవరించారో నాకు తెలుసు, ఆమెకి తెలియదు. ఆ నూడిల్స్ బల్ల దగ్గర మా ఒక్క బలాన్నీ నేనే ఇచ్చి వచ్చాను.

ఆ తర్వాత రెండు గంటలు నా గురించి మాట్లాడారు. ఉత్తరం, సొరుగు, మూడుసార్లు. ముందు నిలబడ్డ మనిషిలోనే ఇంత లోపముంటే కంపెనీ మొదట అక్కడే కొడుతుందన్నాడు టింగ్లీ గారు. తమ మనిషికి అలాంటి ఇబ్బంది ఏదీ లేదన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన కాగితం వైపే చూశాడు. లవీనా ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. నేను లేచి నిలబడవచ్చు. ఎవరూ నన్ను పట్టుకోలేదు. లేవలేదు. తుంటి వల్ల కాదు.

డిసెంబరు 8

ప్రార్థనలో లవీనా పేరు దగ్గరికొచ్చి దాటేస్తున్నాను.

డిసెంబరు 9

ఈరోజూ అంతే.

జనవరి 14, 2014, మంగళవారం

తీర్పు వచ్చింది. దావా నడిపే హక్కు లవీనా లాయర్లకి. మాది నిలిపేశారు.

మెక్‌నాబ్ గారు ఫోన్‌లో జడ్జిగారు నా గురించి రాసిన ముక్క చదివి వినిపించింది. ఆమె దాపరికం లేకుండా మాట్లాడడం మెచ్చుకోదగ్గదే గానీ, ఇంతమంది భారాన్ని ఆ తేదీ మీద నిలబెట్టలేం అని. లవీనా గురించి, అటువంటి చిక్కు ఏదీ లేదు అని.

ఆరు వందల మందీ దావాలోకి వచ్చారు. నేనూ వచ్చాను. అయితే చివర్లో ఒక్కొక్కరి వంతూ వచ్చినప్పుడు కంపెనీ నా మాటలే తీసి నా ముందు పెడుతుందట. రెండేళ్ళూ నాలుగు నెలలు. అందరూ లోపలికి వెళ్తారు, నన్ను గడప దగ్గర ఆపుతారు. మెక్‌నాబ్ గారు క్షమించమంది. మంచిదే. ఆవిడని బాధపెట్టాను.

ఎనోస్ నా పక్కన కూర్చుని, ఈసారి కునుకు తీయలేదు. "నువ్వు లేదని చెప్పి గెలిచుంటే, పాదాలు కడిగే రోజు నీ ముఖం ఎలా ఉండేదో చూడాల్సి వచ్చేది. ఈ ముఖమే నయం," అన్నారు. ఆయనకి సగమే తెలుసు.

జనవరి 22, బుధవారం

బొంత చట్రం మీద చివరి జానెడు మిగిలింది. రెండు వైపులా చుట్టుకుంటూ వచ్చేసరికి లవీనా మోకాళ్ళూ నా మోకాళ్ళూ తగులుతున్నాయి. మిగతావాళ్ళు కాఫీకి లేచారు. మేమిద్దరమే.

టింగ్లీ వారానికోసారి ఫోన్ చేస్తాడట. కంపెనీవాళ్ళు వసంతంలో తనని ప్రశ్నిస్తారట. మళ్ళీ అదే అడుగుతారు, మళ్ళీ లేదనే అనాలి, ఇంక ఎప్పటికీ అదే అనాలి అంది. ఇప్పుడు తను ఉత్తరం వచ్చిందంటే ఆరు వందల మంది పడిపోతారు. ఆ ఆరు వందల్లో నన్ను పెట్టింది తనే. "నీకు తీయలేనిది తుంటిలో ఉంది. నాకు ఇక్కడుంది," అని గొంతు చూపించింది.

అప్పుడు అడిగింది. "ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"ఎనోస్‌కి?"

"లేదు."

"ఎక్కడైనా రాశావా?"

నా సూది గుడ్డలోకి దిగి ఉంది. అవతలి వైపు వేలు పెట్టి మొన వెతుక్కుంటున్నాను. తను నా ముఖంలోకే చూస్తోంది. పాదాలు కడిగిన రోజు చూసినట్టే.

"లేదు," అన్నాను.

తను ఊపిరి వదిలింది. నేను ముడి వేసి దారం తెంపాను. బొంత పూర్తయింది.

జనవరి 26, ఆదివారం

టైపు చేసే ఆ అమ్మాయి ముందు చెప్పలేకపోయిన 'లేదు' అన్న మాట, లవీనా ముందు అంత తేలికగా ఎలా వచ్చిందో తెలియదు. ప్రభువు ముందు దాటేయకుండా చెప్పాను. ఈరోజు లవీనా పేరు దగ్గర ఆగి, పేరు పలికి, నాదీ పలికాను.

ఈ పేజీలు పొయ్యిలో వేద్దామని లేచాను. మూత తీశాను కూడా. వేయలేదు. పాత కాగితాలేవీ పారేయవద్దన్నారు. అదొక్కటే కారణం కాదు. లవీనా ఉత్తరం అలాగే పోయింది. ఇద్దరిలో ఒకరిదైనా నిజం ఎక్కడో ఒక చోట ఉండాలి.

ఈ వసంతం పాదాలు కడిగే రోజు వరసలో వెనక్కి జరిగి లవీనా పక్కన నిలబడతాను.

ఎనోస్, ఎప్పుడైనా తెల్లదారం కోసం వెతుకుతూ మీరు ఈ సొరుగు అడుగుదాకా వస్తే, సర్జన్ ఉత్తరం కింద ఇవి ఉంటాయి. చదవకుండా ఉండలేరని తెలుసు, చదవండి. కానీ లవీనా బతికున్నన్నాళ్ళూ ఎవరికీ చూపించకండి, అమ్సీ గారికి కూడా. కాల్చకండి. దారం పైన పెట్టి సొరుగు మూసేయండి.